గుసగుస నోరు విప్పని రోజు

ఆయన్ని అసలు పేరుతో పిలిచి చాలా కాలమైంది. నాటకాల బృందంలో అందరూ గుసగుస అనేవాళ్ళు, వీధిలోవాళ్ళు అదే అందుకున్నారు, చివరికి ఆయన భార్య కూడా "మా గుసగుస ఇంట్లో లేరండీ" అని చెప్పడం మొదలుపెట్టింది. పని ప్రాంప్టర్. తెర పక్కన చీకట్లో స్టూలు వేసుకుని, నాటకం ప్రతి ఒళ్ళో పెట్టుకుని, నటుల్లో ఎవరికి మాట తప్పినా అందించాలి. పెదవి కదపకూడదు, ముందు వరుసలోవాళ్ళ చెవిన పడకూడదు, తడబడిన మనిషికి మాత్రం ఠక్కున చేరాలి. ఈ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. ఒకసారి వేదిక మీద ముగ్గురు నటులూ ఒక్కసారే బిక్కమొహం వేస్తే, ఎవరి మాట వాళ్ళకు అందించి నాటకం గట్టెక్కించాడని బృందంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో కొంత ఆయన కలిపిందే అయ్యుండొచ్చు.

చిక్కల్లా ఏమిటంటే, ఎదుటి మనిషి మాటకోసం తడుముకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు. దుకాణంలో ఎవరైనా కావలసిన వస్తువు పేరు గుర్తురాక వేళ్ళు ఆడిస్తుంటే వెనకనుంచి ఈయన గొంతు వచ్చేది. భార్య చెప్పే కబుర్లన్నీ సగంలో అందుకుని ఈయనే పూర్తిచేసేవాడు. "నన్ను ఒక్క మాటైనా చివరిదాకా చెప్పనివ్వండి" అని ఆవిడ మొత్తుకునేది. పాపం, అది కూడా ఆయనే పూర్తిచేసేవాడు.

నాటకాలు పలచబడ్డాక అన్న కూతురు ఆయనకో పని చూపించింది. ఆ పిల్ల ఇద్దరు స్నేహితులతో కలిసి, చెప్పుల కొట్టు పైన గది అద్దెకు తీసుకుని, బిట్‌కాయిన్ వాలెట్ ఒకటి తయారుచేస్తోంది. సంపాదించుకోవడానికి కాదు, నేర్చుకోవడానికి. ఫోన్‌లో ఉండే డబ్బు సంచి లాంటిదే గానీ, అందులో ఉండేవి ఉత్తుత్తి నాణేలు. బిట్‌కాయిన్ పేరు వింటేనే బెదిరిపోయేవాళ్ళు ముందు ఇందులో చెయ్యి తిప్పుకుని, చెయ్యాల్సిన తప్పులన్నీ ఇక్కడే చేసేసి, ఆ తర్వాత కావాలంటే అసలుదాని జోలికి వెళ్ళాలని ఉద్దేశం. ఏ బటన్ ఎక్కడ పెడితే కొత్తవాళ్ళకు అర్థమవుతుందో తెలియాలంటే, కొత్తవాళ్ళనే తెచ్చి కూర్చోబెట్టి, ఎక్కడ ఆగుతున్నారో చూడాలి. ఆ చూసే పనికి బాబాయిని పెట్టుకుంది.

"ఒక్కటే నియమం బాబాయ్," అంది మొదటిరోజే. "సాయం చెయ్యకూడదు. వాళ్ళు ఎక్కడ ఇబ్బంది పడతారో అదే మనకు కావాలి. ఏదైనా అడిగారనుకో, 'మీకేమనిపిస్తోంది?' అని తిరిగి అడుగు. అంతే."

గుసగుస బుద్ధిగా తలూపాడు. పని మొదలైంది. తాళాలు బాగుచేసేవాడు వచ్చాడు, డ్రైక్లీనింగ్ షాపావిడ వచ్చింది, స్కూలు బస్సు డ్రైవరు వచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు చకచకా పూర్తిచేసి లేచిపోయారు. ఎక్కడా ఆగిన పాపాన పోలేదు. అన్న కూతురి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంత తేలికైన వాలెట్ ఈ భూమ్మీద లేదని ముగ్గురూ మురిసిపోయి రంగులు కూడా ఖాయం చేసేసుకున్నారు. ఆ తర్వాత ఆ పిల్ల ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, వాళ్ళు వాలెట్ వాడుతుండగా తీసిన రికార్డింగులు చూసింది. గదిలో ఎవరి పెదవీ కదలడం లేదు. కానీ ఎక్కడినుంచో సన్నగా ఒక గొంతు, "కింద ఆకుపచ్చది... కాదు, దాని పక్కది... ఆఁ, అదే" అంటోంది.

ముందు ఆ గదిలో దెయ్యముందనుకుంది. తర్వాత బాబాయి గుర్తొచ్చాడు.

గుసగుసకు తల తీసేసినట్టయింది. "నాకు తెలీకుండానే వచ్చేసిందమ్మా" అన్నాడు. అది నిజం. ఇంకొకళ్ళయితే ఆ పూటే ఇంటికి పంపేసేవాళ్ళు. ఆ పిల్ల కాసేపు తల పట్టుకుని కూర్చుని, తర్వాత పడీ పడీ నవ్వి, పనంతా మళ్ళీ మొదటినుంచీ చేద్దామంది. ఆయన ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని భార్య అడిగితే "నీకేమనిపిస్తోంది?" అన్నాడు. ఆ పూట ఆయనకు కూర లేదు.

ఇలా ఉండగా కొత్తవాళ్ళను వెతుక్కుంటూ ఆయన రాణిగారింటికి వెళ్ళాడు. బృందంలో రాణి వేషాలన్నీ ఆమెవే కాబట్టి ఆ పేరు. ఆమె గొంతెత్తితే హాలు చివర కునుకుతీసేవాడు కూడా లేచి కూర్చునేవాడు. పోయిన చలికాలంలో మెదడులో ఏదో సన్నని నరం దెబ్బతిని ఆమెకు ఎడమచెయ్యి పట్టు తప్పింది, మాట కొంతకాలం పూర్తిగా పడిపోయింది. తర్వాత తిరిగొచ్చింది గానీ, నడుమ నడుమ జారిపోయేది. గ్లాసు వైపు చూపించి "అది, అది" అనేది. బృందంవాళ్ళు కొత్త నాటకంలో ముసలితల్లి వేషం ఆమెకోసమే అట్టిపెట్టారు. ఆమె ఔననలేదు, కాదనలేదు.

వాలెట్ సంగతి అంతా పరధ్యానంగా విన్న మనిషి ఒకచోట ఆపింది.

"మళ్ళీ చెప్పు. పన్నెండు మాటలా?"

"అవును రాణిగారూ. ఫోన్ పోయినా, పగిలినా, వాలెట్ మొదట్లో ఇచ్చే ఆ పన్నెండు మాటలూ అదే వరసలో కొత్త ఫోన్‌లో కొడితే మొత్తం తిరిగొస్తుంది. ఒక్కటి తప్పినా రాదు. బ్యాంకు లేదు, మేనేజరు లేడు, వెళ్ళి మొరపెట్టుకుందామంటే కౌంటరే లేదు."

"ప్రాంప్టరు కూడా లేడన్నమాట."

గుసగుస నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నేనొస్తా," అంది. "నాలో మాట నిలుస్తుందో లేదో నాకు తెలియాలి గుసగుసా. స్టేజి మీద తెలుసుకున్నాననుకో, పదిమందిలో పరువు పోతుంది. మీ గదిలో తెలుసుకుంటా. నిలవలేదా, ఆ వేషం ఇంకెవరికైనా ఇచ్చుకోమంటా. కానీ ఒకటి. నువ్వు అందించకూడదు."

ఆయన ఒట్టు వేశాడు.

రాణిగారు వచ్చిన రోజు చెప్పుల కొట్టాయన లేచి నిలబడి మెట్లదాకా దారి చూపించాడు. పైన అన్న కూతురు ఫోన్ చేతికిచ్చింది. పన్నెండు మాటలూ తెరమీదికి వచ్చాయి, వాటి కింద 'కాగితం మీద రాసి భద్రంగా దాచుకోండి' అని ఉంది. బల్లమీద కాగితం, పెన్ను పెట్టే ఉన్నాయి. రాణిగారు వాటిని పక్కకు నెట్టేసింది.

"కాగితం పట్టుకుని వేషం వేసిన అలవాటు నాకు లేదమ్మా."

ఆ పిల్ల ఏదో అనబోయి నాలుక కరుచుకుంది. "మీ ఇష్టం పెద్దమ్మా. మీరెలా చేస్తే అలాగే చూస్తాం."

రాణిగారు లేచి నిలబడి, ఫోన్ దూరంగా పెట్టుకుని, "గొడుగు!" అంది. కింద కొట్టులో ఎవరి చేతిలోంచో చెప్పు జారిపడింది. ఆ మాటతోపాటు లేని గొడుగు విప్పింది. తర్వాతిది నది, చీర కుచ్చిళ్ళు పైకెత్తి దాటింది. కుర్చీ వస్తే కూర్చుంది, దీపం వస్తే వెలిగించింది. అలా ఒక్కో మాటనూ ఒక్కో పని చేసుకుంటూ గది ఈ చివరనుంచి ఆ చివరకు నడిచింది.

"పెద్దమ్మా, అసలు వాలెట్ అయితే ఇలా పైకి అనకూడదు," అని ఆ పిల్ల ఉండబట్టలేక అనేసింది. "విన్నవాళ్ళు మొత్తం పట్టుకుపోతారు."

"అసలుదైతే నోరు మూసుకునే చేస్తా. ఇది రిహార్సలే కదా?"

ఆ తర్వాత టీలు తాగారు. రాణిగారు ఉత్తుత్తి నాణెం ఒకటి ఆ పిల్ల ఫోన్‌కు పంపింది, తిరిగి ఒకటి తెప్పించుకుంది. అంతా బాగానే ఉంది. అప్పుడు ఆ పిల్ల ఫోన్ వెనక్కి తీసుకుని, ఆమె ఎదురుగానే అన్నీ చెరిపేసి, ఇంకో ఖాళీ ఫోన్ ముందు పెట్టింది.

"ఫోన్ పోయిందనుకోండి పెద్దమ్మా. ఇప్పుడేం చేస్తారు?"

రాణిగారు కుడిచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం నొక్కుతూ, ఒక్కో మాటా పైకి అంటూ మొదలుపెట్టింది. గొడుగు. నది. కుర్చీ. దీపం. వంతెన. ఉప్పు. తలుపు. అక్కడ ఆగిపోయింది.

ఎనిమిదో గడి ఖాళీగా ఉంది. వేలు దానిమీద గాల్లో నిలిచిపోయింది. "అది... అది..." అంది. అలవాటు చొప్పున తల కొంచెం ఎడమవైపు తిప్పింది, అటువైపే గుసగుస కూర్చున్నాడు. జీవితమంతా ఆమె తల అలా తిరగడమే ఆయనకు సైగ. సూది. ఇందాక ఆమె అనగా విన్న ఆ మాట గొంతుదాకా వచ్చి కూర్చుంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చూపుతో చెప్పేస్తానేమోనని కళ్ళు కూడా నేలకు దించుకున్నాడు. ఎన్ని వందల మాటలు ఇచ్చాడో ఆమెకు, ఒక్కటంటే ఒక్కటి ఉంచేసుకున్నది లేదు. ఇప్పుడీ చిన్న మాటను లోపలే అదిమిపెట్టి ఉంచడం, కాలుతున్న బొగ్గును నోట్లో పెట్టుకున్నట్టుంది. చెప్పేస్తే ఆమె గెలుస్తుంది, కానీ ఆ గెలుపు ఆమెది కాదని ఇద్దరికీ తెలుస్తుంది. చెప్పకపోతే ఆమె మళ్ళీ వేదిక ఎక్కదు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. తలెత్తి చూశాడు. రాణిగారు లేచింది. గది ఆ చివరకు వెళ్ళి, మళ్ళీ మొదటినుంచీ నడక మొదలుపెట్టింది. గొడుగు విప్పింది. నది దాటింది. కూర్చుంది, దీపం వెలిగించింది, వంతెన ఎక్కి దిగింది, ఉప్పు చిటికెడు తీసి వేసింది. లేని తలుపు తోసి లోపలికి అడుగుపెట్టింది. నిలబడిపోయింది.

అప్పుడు ఆమె ఎడమచెయ్యి లేచింది. గ్లాసు పట్టుకోలేని చెయ్యి అది. దాని రెండు వేళ్ళు వణుకుతూ ఒకదానికొకటి చేరాయి, గాల్లోకి ఏదో గుచ్చాయి, సన్నని దారమేదో లాగుతున్నట్టు మెల్లగా పైకి వెళ్ళాయి. ఆమె ఆ చేతిని పరాయి మనిషి చేతిని చూసినట్టు చూసింది. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ లాగింది.

"సూది," అంది.

గుసగుస నోటికి అడ్డం పెట్టుకున్న చేతులు దించాడు. మాటలన్నీ తన ఒళ్ళో ఉన్న ప్రతిలోనే ఉంటాయని, తను అందిస్తేనే మనుషులకు చేరతాయని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. తలలోంచి జారిపోయిన మాట, పట్టుతప్పిన చేతిలో భద్రంగా కూర్చుని ఉంది! మనిషిలో ఇంకా ఎన్ని చోట్ల ఎన్ని మాటలు ఉంటాయో, ఎవరు దాచారో, ఎవరు పిలిస్తే వస్తాయో ఆయన ఊహకు అందలేదు. భయం లాంటిదేదో వేసింది, దణ్ణం పెట్టాలనిపించింది.

మిగతా నాలుగూ వరసగా వచ్చేశాయి. తెర ఒక్కసారి మెరిసింది. ఏమీ లేని ఆ ఫోన్‌లోకి పోయినవన్నీ ఉన్నవి ఉన్నట్టు తిరిగొచ్చాయి, ఇందాక పంపిన నాణెం, తెప్పించుకున్న నాణెం సహా. దాన్ని తన చేతులతో తయారుచేసిన పిల్ల కూడా, కొత్తగా చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"అయిపోయింది పెద్దమ్మా," అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ.

"అప్పుడేనా? ఒకసారొస్తే అదృష్టం అంటారు. రెండోసారీ వస్తే నాదంటారు. ఇవి చెరిపేసి కొత్తవి ఇయ్యి." గుసగుస వైపు తిరిగింది. "నువ్వు బయటికెళ్ళు."

ఆయన మొహం చిన్నబోయింది. "నేనేమీ అనలేదు కదా రాణిగారూ."

"అనలేదు. కానీ అంత ప్రాణం బిగబట్టుకుని కూర్చున్నావే, నువ్వు పోతావేమోనని నాకు భయమేసి సగం మాటలు అందుకే ఎగిరిపోయాయి. పో."

గుసగుస వెళ్ళి మెట్లమీద కూర్చున్నాడు. తలుపు వేసేశారు. చాలాసేపు మాటల్లేకుండా నడిచిన చప్పుడు, ఆగిన చప్పుడు. టీ కప్పులు కదిలాయి. ఆ తర్వాత ఆమె గొంతు లేచింది. ఒక మాట, ఇంకో మాట, మరొకటి. నడుమ ఆగింది. ఆయన ఒళ్ళంతా చెవులు చేసుకున్నాడు. ఆ తర్వాతి మాట ఏమిటో ఆయనకు తెలియదు. ఆమె నోటివెంట రాబోయే మాట తనకు తెలియకపోవడం ఆయన బతుకులో ఇదే మొదటిసారి. టికెట్టు కొనుక్కుని వచ్చినవాడిలా, ఏం వస్తుందా అని కూర్చున్నాడు. వచ్చింది. తర్వాతిదీ వచ్చింది. చివరిదాకా వచ్చాయి.

తలుపు తెరుచుకుంది. రాణిగారికి చెమటలు పట్టి ఉన్నాయి.

"డైరెక్టరుకి ఫోన్ చెయ్ గుసగుసా. ఆ వేషం నాదని చెప్పు."

గుసగుస నంబరు కలిపాడు. అవతల ఎత్తారు, హలో అన్నారు, మళ్ళీ హలో అన్నారు. ఆయన నోరు తెరిచాడు, మాట దొరకలేదు. రాణిగారు ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆ మాటేదో తనే చెప్పింది.