పొయ్యి కింద పొయ్యి

నున్సియాత కాపురానికి వచ్చిన ఇల్లు మామూలు ఇల్లు కాదు. రోమన్లు వదిలేసి పోయిన స్నానశాల గోడల మీద ఎప్పుడో ఎవరో కప్పు వేసుకున్నారు. ఆవిరి గదిలో మేకలు, చన్నీళ్ళ తొట్టిలో బంగాళదుంపలు, పెద్ద గదిలో వంట. ఆ తొట్టి ఎంత లోతంటే, అందులో పడ్డ మేక ఈని, పిల్లతో సహా పైకి వచ్చిందని రొక్కాసెర్వ కొండ మీద ఇప్పటికీ చెప్పుకుంటారు.

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు తవ్వకాల ఆఫీసరు పెల్లెగ్రీని ఊళ్ళోకి దిగాడు.

"ఇది నిన్నా మొన్నా కట్టిన ఇల్లు. కూల్చేసి కిందున్న రోమన్ కట్టడాన్ని బయటికి తీస్తాం. మీకు లోయలో కొత్త ఇల్లు ఇస్తారు," అన్నాడు.

నున్సియాత అడ్డొచ్చింది. "లోయలో నా మేకలేం తింటాయండీ, తారు రోడ్డా?"

"ముందు ఆ పొయ్యి తీయించండి. దాని కిందే అసలు నేల ఉంటుంది."

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త కోడలు అత్త పొయ్యిని పీకదు, బూడిద ఎత్తదు. దాని మీదే తన రాతిపలక పరిచి నిప్పు రాజేస్తుంది. నున్సియాత భర్త రొక్కో గడ్డపారతో ఆమె పలకను లేపాడు. కింద బూడిద, ఆ కింద ఇంకో పలక.

"అది నాది," అంది అత్త చెసీదియా, కుర్చీలోంచి ముందుకు వంగి. "దాని కిందది మా అత్తది. ఎంత పలచగా ఉందో చూడండి, ఒట్టి పిసినారి!"

"ఆ కిందది?" అని అడిగాడు ఆఫీసరు.

"ఆవిడ అత్తది. ఆవిడా తక్కువ తినలేదు."

ఆఫీసరు నవ్వాడు. పలకలు ఇంకా వస్తూనే ఉంటే నవ్వు మాని, కోటు విప్పి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రతి బూడిద పొరలోనూ కుండపెంకులు, గొర్రె ఎముకలు. అన్నిటికంటే అడుగున రంగురాళ్ళు పొదిగిన నేల, దాని మీద ఒక చేప బొమ్మ. చేప పొట్ట నల్లగా కాలిపోయి ఉంది.

"రోమన్లు పోయాక ఎవరో ఇక్కడ నిప్పు రాజేశారు," అన్నాడు మెల్లగా. "ఆ తరవాత ఈ ఇంట్లో మనుషులు ఉంటూనే ఉన్నారు. దీన్ని ఎలా కూలుస్తాం? కప్పు ఉండాల్సిందే, దీని మీద వాన పడకూడదు."

నున్సియాత అందుకుంది. "కప్పుండాలంటే పెంకులు సర్దే మగాడుండాలి. వాడికి సంకటి పెట్టే మనిషి ఉండాలి."

"ఉండండి తల్లీ, అందరూ ఉండండి!"

"మరి వంటెక్కడ?"

ఆఫీసరు చేప బొమ్మకు అడ్డంగా రెండు చేతులూ చాచాడు. సాయంత్రానికి నున్సియాత పెరట్లో విరిగిన కమాను కింద వట్టి నేల మీద పలక పరిచి నిప్పు పెట్టింది.

"చూశావా అత్తా! దీని కింద ఏ అత్తా లేదు," అంది సంకటి కలుపుతూ.

"ఎగరకే! రేపు నీ మీద నీ కోడలు కూర్చోదూ?" అంది చెసీదియా, తన గిన్నె ముందుకు జరుపుతూ.