శాలువా ఎర

నా పగ ఇంకా చల్లారలేదని మా అమ్మ బెంగ. చల్లారకపోవడమేమిటి, శుభ్రంగా తీర్చుకున్నాను.

అమలాపురం పక్కన కొబ్బరి పీచు ఎగుమతి చేసే కంపెనీలో ఆఫీసు పని చేసేదాన్ని. గోడౌనుకి పెద్ద తాళాలు, గేటు దగ్గర కాపలా మనిషి. కంప్యూటర్లకు మాత్రం దసరా నాడు పసుపు, కుంకుమ పెట్టి ఒక నిమ్మకాయ కట్టేవారు. ఏడాది పొడుగునా అదే రక్ష. మా వైపు వ్యాపారాలు సైబర్ దొంగల్ని ఎదుర్కొనే తీరు ఇదీ. నవ్వాలో ఏడవాలో తెలియదు.

మా యజమానికి సన్మానాల పిచ్చి. శాలువా కప్పుతామంటే కాకినాడ దాకా పరుగెత్తే మనిషి. ఒకరోజు ఆఫీసు మెయిల్‌కు ‘ఉత్తమ ఎగుమతిదారు’ సన్మానమంటూ ఆహ్వానం వచ్చింది. పంపినవాళ్ళెవరో తెలియదు, కింద నొక్కమని ఒక లింకు.

"నొక్కకండి అయ్యగారూ. ఇలాంటివాటితోనే వైరస్‌లు పంపుతున్నారండి," అన్నాను.

"నాకు సన్మానమంటే నీకెందుకమ్మా అంత కడుపుమంట?" అంటూ మౌసు లాక్కుని తనే నొక్కారు.

మర్నాడు ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే వదులుతామని తెర మీద బెదిరింపు. కాపీలు వేరేచోట దాచమని నేనెంత మొత్తుకున్నా "చూద్దాంలే" అన్న ఆ పెద్దమనిషి, అందరి ముందూ నా వైపు వేలు చూపించి, "ఈవిడే ఏదో నొక్కేసిందండి" అన్నారు. ఆ పూటే పనిలోంచి తీసేశారు. చర్చిలో మా అమ్మ పక్కన కూర్చునే ఆవిడ కూడా, "మీ అమ్మాయి కంపెనీని ముంచేసిందంట కదండీ" అని అడిగింది. ఎక్కడ పని అడిగినా ఆ మాట నాకంటే ముందే చేరిపోయేది. చివరికి రామచంద్రపురంలో ఒక రైసు మిల్లువాళ్ళు తీసుకున్నారు, సగం జీతానికి.

ఆమధ్య అమలాపురంలో వ్యాపారులకు సైబర్ మోసాల మీద సదస్సు పెట్టారు. మిల్లు తరఫున వెళ్ళాను. వేదిక మీద మా పాత యజమాని. మైకు పట్టుకుని, "ఒక అజాగ్రత్త మనిషి వల్ల దెబ్బ తిన్నానండి. ఇప్పుడు మన దగ్గర ఎవడి పప్పులూ ఉడకవు" అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వరండాలోకి వెళ్ళి, మిల్లువాళ్ళిచ్చిన ఫోను నుంచి ఆయనకు ఓటీపీలా కనిపించే ఆరంకెల మెసేజి ఒకటి పంపి, వెంటనే ఫోన్ చేశాను. వేదిక మీదున్నా ఫోనెత్తకుండా ఉండలేరు.

"అయ్యగారికి నమస్కారమండి. మీకు ఉత్తమ వ్యాపారి సన్మానం ఖాయమైందండి. మీ ఫోనుకొచ్చిన అంకెలు చెబితే పేరు రాసేసుకుంటామండి."

"ఆయ్, అలాగేనండి. ఒక్క క్షణం."

అన్నేళ్ళు విన్న నా గొంతును పోల్చుకోలేదు. మెసేజి చూడడానికి ఫోను స్పీకర్లో పెట్టి, రెండో చేతిలో మైకుందన్న సంగతే మరిచి, ఆరంకెలూ తీరిగ్గా చదివారు. పాఠం చెప్పడానికొచ్చిన పోలీసు అధికారి తల పట్టుకున్నారు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నేను ఫోను చెవిన పెట్టుకునే లోపలికి నడిచాను.

"శాలువా ఎప్పుడు కప్పుతారండి?" అంటున్నారాయన.

"ఆరోజు కూడా ఇలాగే సన్మానమనగానే మీరే నొక్కేరండి. నేను కాదు," అన్నాను.

ఆ మాట మైకులోంచి హాలంతా వినిపించింది.