సంతకానికి పైన ఉన్నది

మిర్చి కూలీల యూనియన్‌లోకి ఎలా వచ్చారని ఎవరైనా అడిగితే నాకు చిరాకు. ధైర్యం ఉండి వచ్చానని వాళ్ళ ఊహ. పై ఆఫీసు నుంచి ఫోనొస్తే నేను ఇప్పటికీ మొదటిసారి ఎత్తను.

నరసరావుపేటలో మా నాన్న లారీ మెకానిక్. ఇంటర్ అయ్యాక నేను బట్టల షాపులో చీరలు మడతపెట్టాను, జిరాక్స్ సెంటర్‌లో కూర్చున్నాను, ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చెప్పాను. మూడు చోట్లా ఉన్నట్టుండి రేపటి నుంచి రావద్దన్నారు. కొన్నాళ్ళు ఇంట్లో జాకెట్లు కుట్టాను. అందుకే రొంపిచెర్ల దగ్గర పల్లెలో వయోజన విద్యా కేంద్రం ఇస్తామనగానే, వాళ్ళు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టేశాను.

సాయంత్రం బడి. వచ్చేవాళ్ళు ఎక్కువమంది మిర్చి గోడౌనులో తొడిమలు తీసే ఆడవాళ్ళు. మొదటి నెలలోనే అందరికీ సంతకం రావాలని మా కేంద్రాల సూపర్‌వైజర్ పట్టు. రిజిస్టరులో వేలిముద్ర కనిపిస్తే కేంద్రం ఎత్తేస్తారని నా భయం. అక్షరాలు పక్కనపెట్టి, ఎవరి పేరు వాళ్ళచేత ముగ్గులా దిద్దించాను.

వాళ్ళలో ఒకామెను పిన్నీ అని పిలిచేదాన్ని. పన్నెండేళ్ళుగా అదే గోడౌనులో పని. ఇంటికంతా ఆమె సంపాదనే. ఒకరోజు అందరికంటే ముందొచ్చి ఒక జిరాక్స్ కాగితం నా చేతిలో పెట్టింది. గోడౌను గుమస్తా ఇంకుప్యాడ్ ముందుకు తోస్తే, పెన్ను అడిగి తీసుకుందట. నాకు చూపించాలని కాపీ కూడా అడిగి తెచ్చుకుంది.

"చూడమ్మా, ఒత్తు గూడా తప్పలా."

ఒత్తు చక్కగా ఉంది. దాని పైన నాలుగు లైన్లు టైపు చేసి ఉన్నాయి. నా ఇష్టప్రకారమే పని మానేస్తున్నాను, ఇకమీదట ఏమీ అడగను అని. వేలిముద్ర వేసే రోజుల్లో అయితే ఇందులో ఏముందని నలుగురినీ అడిగేది. సంతకం వచ్చాక అడగడం నామోషీ అనిపించిందట.

రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతున్నట్టు నటించాను. చివరికి చెప్పాను. ఆమె ఏడవలేదు. కాగితం మీద తన సంతకాన్ని వేలితో చూపించింది.

"నువ్వు కిందది నేర్పావు గదమ్మా. పైది ఎప్పుడు నేర్పుతావు?"

తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్ళి, నేను కేంద్రంలో చేరినప్పటి కాగితం వెతికి తీశాను. అప్పటిదాకా దాన్ని చదవలేదు. ఇది ఉద్యోగం కాదని, ఎప్పుడు తీసేసినా అడగనని ఉంది. కింద నా సంతకం, దాని కింద గీత కూడా గీసి మరీ.

మర్నాడు బడిలో రెండు కాగితాలూ పైనుంచి చదివి వినిపించాను. ఎవరైనా సూపర్‌వైజర్‌కి చేరవేస్తారేమోనని తలుపు వంకే చూస్తున్నాను.

"నీకు చదువొచ్చు గదా, నువ్వెందుకు పెట్టావమ్మా?" అంది పిన్ని.

"భయమేసి."

"నాకూ ఏస్తంది. పొద్దున్నే గేటు కాడికి రా. ఆ నాలుగు లైన్లూ అందరి ముందూ చదువు."

వెళ్ళాను. దారి పొడుగునా వెనక్కి తిరిగిపోదామనే అనిపించింది. గేటు దగ్గర ఆ నాలుగు లైన్లూ చదివాను. గుమస్తా పిన్నిని లోపలికి రానివ్వలేదు. ఆ రోజు తొడిమలు తీసేవాళ్ళెవరూ లోపలికి వెళ్ళలేదు.