ఫెన్నా పుట్టినరోజులు

మా కాలవల ఊళ్లో మగవాళ్ల ఆర్కెస్ట్రాను నడిపించిన మొదటి ఆడమనిషి ఫెన్నా. యుద్ధంలో హాలండ్‌ను ఆక్రమించిన జర్మన్లు, యూదు వాద్యకారులను తీసేస్తేనే కచేరీకి అనుమతి అన్నారు. "ఆ అనుమతేదో మీరే ఉంచుకోండి" అని ఆమె బయటికొచ్చేసింది. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఆమె ఇంట్లోనే దొంగచాటు కచేరీలు. ఎవరైనా అడిగితే, పుట్టినరోజు.

ఒక ఆదివారం తలుపు దబదబా మోగింది. వచ్చినవాడు ఊరి పోలీసు బార్ట్. గుండ్రంగా వేసిన కుర్చీల్లో, ఆమె అటకమీద తలదాచుకుంటున్న యూదు విద్వాంసుడు ఎమానుయెల్ కూడా ఉన్నాడు, ఒళ్లో వయొలిన్‌తో.

"ఏంటీ జనం?"

"నా పుట్టినరోజు. గుమ్మంలోనే నిలబడ్డావేం? అందరినీ అభినందించవూ? మీ అమ్మ నీకిదేనా నేర్పింది?"

పుట్టినరోజు ఇంట్లో అడుగుపెట్టాక ఆ రోజు ఎవరిదైనా సరే, అక్కడున్న ప్రతి ఒక్కరితోనూ చెయ్యి కలిపి అభినందించకపోవడం మాలో లేదు. బార్ట్ టోపీ తీశాడు. "మీ అక్కగారి పుట్టినరోజుకి అభినందనలు", "మీ పిన్నిగారి పుట్టినరోజుకి అభినందనలు" అంటూ ఒక్కో కుర్చీ దాటుతూ ఎమానుయెల్ దగ్గర ఆగాడు.

"వీరు?"

"మా బావ" అంది ఫెన్నా.

బార్ట్ ఎమానుయెల్ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. "మీ మరదలి పుట్టినరోజుకి అభినందనలండీ."

కేకు ముక్క తిని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగాడు.

"అమ్మగారూ, వచ్చే ఆదివారం పుట్టినరోజుకి ఆ కిటికీ మూసుకోండి. మీ బావగారి వయొలిన్ కాలవ అవతలిదాకా వినిపిస్తోంది."

ఫెన్నా కిటికీ మూసింది. అప్పుడుగానీ గదిలో ఎవరికీ ఊపిరాడలేదు.