ఎజ్రా మడత కెమెరా

ఎజ్రా బావమరిది ఏబేలు గిద్దలూరుకు నాలుగు మైళ్ళ అవతల, కొండ దారిలో, ఒక తుమ్మచెట్టు కింద ప్రాణం విడిచాడు. 1936 మే నెల. వడదెబ్బ.

అప్పటికి ఎజ్రాను మార్కాపురం చుట్టుపక్కల అందరూ ఫోటోల ఎజ్రా అనేవాళ్ళు. చిన్నప్పుడు మిషన్ దొర దగ్గర పెట్టెలు మోసే పనికి కుదిరి, చూస్తూ చూస్తూనే ఫోటో తీయడం నేర్చుకున్నాడు. దొర తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ తన కెమెరాను అతనికే వదిలిపెట్టాడు. టేకు చెక్క పెట్టె, తోలు తిత్తి, మూడు కాళ్ళ స్టాండు, నల్లగుడ్డ, గాజు ప్లేట్లు అన్నీ కలిపి రెండు మణుగుల బరువు. ఎజ్రా గాజు ప్లేట్ల సంచీ పట్టుకుని ముందు నడిస్తే, పెట్టె నెత్తిన పెట్టుకుని ఏబేలు వెనక నడిచేవాడు. ఎనిమిదేళ్ళు అట్లాగే ఊళ్ళు తిరిగారు.

ఆ రోజు కొండ దిగువ పల్లెలో ఒక పెద్ద రైతు మంచాన పడ్డాడనీ, పోయేలోపల ఫోటో తీయించాలనీ కబురొచ్చింది. రైలు దిగేసరికే పొద్దు నడినెత్తికొచ్చింది. రెండు మైళ్ళు నడిచాక ఏబేలు ఆగాడు.

"బావా, కండ్లు తిరుగుతుండాయి. కాసేపు కూకుందాం."

"ముసిలాయన ఆగడు గదరా. ఇంకెంత, ఆ మలుపు దాటితే ఊరే. పా."

మలుపు దాటితే ఊరు కాదు. ఆ సంగతి ఎజ్రాకు తెలుసు. ఏబేలు నెత్తిన పెట్టె సర్దుకుని నడిచాడు. మరో రెండు మైళ్ళు పోయాక పెట్టెను జాగ్రత్తగా నేలమీదికి దించి, దాని పక్కనే పడిపోయాడు. చెట్టు నీడకు లాక్కుపోయి ముంతలోని నీళ్ళు ముఖాన చల్లినా లేవలేదు. ఒళ్ళు పెనంలా కాలుతూ ఉంది. సాయంత్రం బండి దొరికేదాకా ఎజ్రా ఆ తుమ్మచెట్టు కిందే కూర్చున్నాడు. పల్లెలో ముసలాయన కూడా ఆ మధ్యాహ్నమే పోయాడని బండివాడు చెప్పాడు.

శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు ఎజ్రా భార్య సువార్తమ్మ తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. సమాధి చేసి వచ్చాక మూలనున్న పెట్టెకేసి చూసి, "అది నా ఇంట్లో ఉండగూడదు," అంది. ఏబేలు ఆగుదామన్న మాట ఎజ్రా ఆమెకు చెప్పలేదు.

జూన్‌లో ఆ పెట్టెను రైలెక్కించి మద్రాసు పోయాడు. మౌంట్ రోడ్డులో కెమెరాల దుకాణం గుమాస్తా ప్రకాశరావు తెలుగువాడే. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, మంచి సరుకన్నాడు. దీన్నిచ్చేసి ఇంకా కొత్త రకం పెద్ద కెమెరా తీసుకోమన్నాడు. ఎజ్రా అద్దాల బీరువాలో ఉన్న చిన్న నల్ల వస్తువును చూపించాడు.

ప్రకాశరావు దాన్ని తీసి బల్లమీద పెట్టాడు. మూసి ఉంటే మందపాటి పాటల పుస్తకమంత ఉంది. మీట నొక్కితే ముందుకు తెరుచుకుని చిన్న తిత్తీ, అద్దమూ బయటికొచ్చాయి. గాజు ప్లేట్లు అక్కర్లేదు. చుట్టగా ఉండే ఫిలిం వేస్తే ఎనిమిది ఫోటోలొస్తాయి.

"కానీ ఇది సరదాగా ఊళ్ళు తిరిగేవాళ్ళకయ్యా," అన్నాడు ప్రకాశరావు. "నీకిది బతుకుతెరువు. దీంట్లో ఫోటో అరచేతిలో సగం ఉంటుంది. పెద్ద ప్లేటు మీద వెంట్రుక కూడా లెక్కపెట్టొచ్చు, దీంట్లో అట్లా రాదు. స్టాండు లేకపోతే చెయ్యి వణికినా చెడిపోతుంది."

"దీన్ని మోసేదానికి ఇంకో మనిషి కావాల్నా?"

"మనిషెందుకు, కోటు జేబులో పడుతుంది."

"అయితే ఇదియ్యండి."

ప్రకాశరావు ఇంకోసారి చెప్పి చూశాడు. ఎజ్రా వినలేదు. పెద్ద పెట్టెను అక్కడే వదిలి, మడత కెమెరాను తువ్వాలులో చుట్టుకుని రైలెక్కాడు. దారి పొడుగునా అది ఒళ్ళో ఉన్నట్టే లేదు. నాలుగైదుసార్లు ఉలిక్కిపడి తడిమి చూసుకున్నాడు.

ఊళ్ళల్లో మోతుబరులకు అది నచ్చలేదు. స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, కదలొద్దని కేకేస్తేనే వాళ్ళకు ఫోటో తీసినట్టు. "ఏందిరా ఇది, పొడుం డబ్బీ మాదిరుంది," అని నవ్వారు. పెళ్ళిళ్ళకు గిద్దలూరు నుంచి వేరే మనిషిని పిలిపించుకోసాగారు. ఎజ్రా అటు దర్శి దాకా, ఇటు నల్లమల అంచుదాకా ఒక్కడే నడిచి పేదపల్లెలు తిరిగాడు. గొర్రెల మంద దగ్గర నిలబడ్డ కాపరి గంగయ్యనూ, ఎప్పుడూ ఫోటో మొహం చూడని కూలి ఆడవాళ్ళనూ తీశాడు. ఇల్లు గడవడం కష్టమైంది. సువార్తమ్మ కోతలకు పోయింది. అయినా ఆ కెమెరాను ఆమె ఒక్క మాటా అనలేదు.

రెండేళ్ళ తర్వాత, కార్తీకంలో, ఒకరోజు పొద్దున్నే దర్శి వైపు నుంచి వస్తుంటే పలకల గని దగ్గర కేకలు వినపడ్డాయి. గుత్తేదారు కొండలరావు గని అది. పలకరాయి కోసం కిందికి కిందికి తొలుచుకుంటూ పోయారు, పైపొర ఊడిపడింది. ముగ్గురు రాళ్ళ కింద ఉన్నారు. ఎజ్రా సంచీ పడేసి లోపలికి దిగి అందరితో పాటు రాళ్ళు లాగాడు. బయటపడ్డ ఒక చెయ్యిని చూసి, గట్టుమీద ఉన్న భాగ్యమ్మ అది తన మొగుడిదని గుర్తుపట్టింది. అతని పేరు నిత్యానందం. చర్చిలో ఎజ్రా వెనక వరసలో కూర్చునేవాడు.

"పైన ఒక్క దుంగన్నా ఆనించలేదన్నా," అంది భాగ్యమ్మ, కళ్ళు ఆ చెయ్యిమీదనుంచి తిప్పకుండా. "ఆనించమని మా ఆయన మొన్న అడిగినాడు. ఇష్టం లేకపోతే పొమ్మన్నారు."

ఎజ్రా జేబులోంచి కెమెరా తీశాడు. రోలులో ఇంకా మూడు మిగిలి ఉన్నాయి. గోతిలో వెలుతురు చాలదు. ఒక బండ అంచున కెమెరాను ఆనించి, ఊపిరి బిగబట్టి, మూడూ తీశాడు. పెద్ద పెట్టె అయితే ఆ గోతిలోకి దిగేదే కాదు. ఎవరూ అతన్ని ఆపలేదు.

మర్నాటికి గనిలో, ముందే ఆనించి ఉన్నట్టు, విరిగిన దుంగలు వచ్చి పడ్డాయి. కొండలరావు కబురు పెట్టాడు.

"ఫోటో తీసినావంట గదరా ఎజ్రా."

"తీసినానయ్యా."

"ఆ ఫిలిం తెచ్చి నాకియ్యి. చచ్చినోళ్ళ బొమ్మలు నీకెందుకు?"

"విచారణకొచ్చే అయ్యకిస్తానయ్యా."

కొండలరావు కోప్పడలేదు. సరే పొమ్మన్నాడు.

విచారణకు వచ్చిన అధికారి మంచివాడిలాగే కనిపించాడు. భూతద్దం పెట్టి మూడు ఫోటోలనూ చాలాసేపు చూశాడు. "ఈ నల్లగా నిలువుగా ఉన్నదేమిటి? దుంగ కాదూ?"

"నీడయ్యా అది."

"నీడో దుంగో నేనెట్లా చెప్పేది? ఇంతకంటే పెద్దది లేదా?"

ఎజ్రా వారం గడువడిగి ఫిలింను మద్రాసుకు పంపి పెద్దది చేయించాడు. ఫోటో పెద్దదయ్యేకొద్దీ మసక కూడా పెద్దదయింది. అధికారి దాన్ని కూడా చూసి, తల అడ్డంగా ఆడించి, కాగితాలు కట్ట కట్టేశాడు. పనివాళ్ళు అజాగ్రత్తగా దుంగలు కదిలించడం వల్ల జరిగిన ప్రమాదమని రాశాడు. భాగ్యమ్మ మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం ఎజ్రా అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడు.

"పెద్దదుంటే రాతిలో పగుళ్ళు గూడా కనపడేవి," అన్నాడు. "నేను చెడగొట్టినాను."

"పెద్దది మోసేదానికి ఎవర్ని చంపేవాడివి?" అంది సువార్తమ్మ.

అప్పుడు చెప్పాడు. ఏబేలు కాసేపు కూర్చుందామన్నాడనీ, ఊరు దగ్గరే అని తను అబద్ధమాడి నడిపించాడనీ, రెండేళ్ళుగా నోట్లో పెట్టుకు తిరిగినదంతా చెప్పాడు. సువార్తమ్మ కంచం తీసి అవతల పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. పద్దెనిమిది రోజులు అతనితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, అంతే.

ఈలోగా ఊళ్ళో ఎజ్రాను ఫోటోకు పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. ఎవరూ ఇది కారణమని చెప్పలేదు. అద్దెకున్న గది ఖాళీ చేయమన్నారు. చర్చి పెద్దలు కూడా, కొంతకాలం ఎటైనా పోయిరమ్మని మెల్లగా చెప్పారు. కొండలరావు గనిలో పనిచేసే సంఘస్థులు చాలామంది ఉన్నారు మరి.

పంతొమ్మిదో రోజు సువార్తమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దుతూ, "గిద్దలూరు పోదాం పా," అంది. క్షమించిందో లేదో అతను అడగలేదు. ఆమె ఎన్నడూ చెప్పలేదు.

గిద్దలూరులో స్టేషను వెనక ఒక పాకలో ఉండేవాళ్ళు. ఎజ్రా వెదురు డిపోలో పనికి కుదిరి, ఆదివారాలు ప్రార్థన అయ్యాక చుట్టుపక్కల పల్లెల్లో ఫోటోలు తీసేవాడు. యుద్ధం వచ్చాక ఫిలిం దొరకలేదు. కెమెరాను గుడ్డలో చుట్టి దూలం మీద పెట్టాడు.

1943 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గుమ్మంలోకి ఒకామె వచ్చి నిలబడింది. ముందు గుర్తుపట్టలేదు. భాగ్యమ్మ. మార్కాపురం నుంచి రెండు రోజులు నడిచొచ్చిందట.

"ఆయన ఫోటో నీకాడ ఉందంట గదన్నా. ఒక్కతూరి చూస్తా."

ఎజ్రా బట్టల పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టుకుని, తిప్పి, మళ్ళీ తిప్పి చూసింది.

"ఇందులో ఆయన యాడుండాడు?"

ఎజ్రా గోటితో చూపించాడు. రాళ్ళ మధ్య బియ్యపు గింజంత తెల్లటి చుక్క, ఆ చెయ్యి. ఆమె చాలాసేపు చూసింది. "ముఖం లేదు," అంది చివరికి.

"లేదమ్మా. రాళ్ళు తీయకముందు తీసినాను."

తీసుకుపొమ్మన్నాడు. వద్దని తిరిగి చేతిలో పెట్టింది. సువార్తమ్మ జొన్నసంగటి, మజ్జిగ తెచ్చి ముందు పెడితే తలవంచుకుని మొత్తం తినేసింది. ముంతెడు నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"వదినా, ఈ ఊళ్ళో ఆడోళ్ళకు పని దొరుకుతుందా?" అని అడిగింది.

"డిపోలో బద్దలు చీల్చే పనుంది," అంది సువార్తమ్మ. "రేపు నాతో రా. చేతులు కోసుకుపోతాయి గానీ."

"పర్వాలేదు," అంది భాగ్యమ్మ.