చెప్పు ముక్క వేసిన టైరు

అరవైల మొదట్లో మా ఇంటికి మిగిలిన హోదా అంతా ఒక్క పాత కారు. మా ఊరు కోట చుట్టుపక్కల పొలాలు చాలావరకు పోయాయి, తోట పోయింది. కారును మాత్రం నేను అమ్మలేదు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, బస్సెక్కదు. "పదిమంది మోకాళ్ల మధ్య కూచోని నెల్లూరు పోయేదానికంటే గుడ్డిదాన్నై ఇంట్లో పడుంటా" అనేది. అన్నంత పనీ చేసే మనిషి. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటి శుక్లం తీస్తాను, మర్నాడు తీసుకురమ్మని నెల్లూరు డాక్టరు గారు కబురు పెట్టారు.

కబురొచ్చిన ఉదయమే సముద్రం దారిలో, సున్నపు బట్టీకి తోలిన ఆల్చిప్పల గుల్ల మీద కారెక్కి వెనక టైరు నాలుగు వేళ్ల మేర తెగింది. ట్యూబు ఆ సందులోంచి బుడగలా ఉబికింది. స్టెప్నీ ఏనాడో పోయింది. తెగినచోట లోపలి నుంచి అతుకు వేస్తే నెల్లూరు పోయి రావచ్చు. అతుక్కి మందమైన పాత టైరు ముక్క కావాలి. కోటలో రబ్బరు సొల్యూషన్ దొరికింది గాని ముక్క దొరకలేదు.

"పాత టైరు కనపడితే చెప్పులు కుట్టేవాళ్లు వదుల్తారా సామీ?" అన్నాడు సైకిలు షాపతను.

ఇంటికి వస్తే, మిగిలిన పొలానికి నీళ్లు కట్టే మనిషి గేటు దగ్గర ఉన్నాడు, చెప్పులు చేత్తో పట్టుకొని. మా వాకిట్లోకి చెప్పులతో ఎవరూ రారు. తాతల నాటి కట్టుబాటు అది. నేను పెట్టలేదు, తీసెయ్యనూ లేదు.

సంగతి విని అతను ఒక చెప్పు తిరగేసి చూపించాడు. "ఇది లారీ టైరుదేనయ్యా. పనికొస్తాదా చూడండి."

"నువ్వెట్ట నడుస్తావు?"

"మీ వాకిట్లో ఎటూ ఉత్త కాళ్లే గదా" అని నవ్వాడు.

పట్టెలు ఊడదీసి, మేకులన్నీ పట్టకారుతో నేనే లాగాను. ఒక్క మొన మిగిలినా ట్యూబు బతకదు. వేలితో తడిమి, మళ్లీ తడిమాను. అంచులు ట్యూబును ఒరుసుకోకుండా అతను కత్తితో పల్చగా చెక్కాడు. టైరు లోపల, ముక్క మీద ఆకురాయితో గరుకు చేసి సొల్యూషన్ పూశాం. తడి ఆరి జిగురు తేలాక అదిమిపెట్టాం. గాలి కొడితే ఉబ్బు రాలేదు.

అరుగు మీద అవ్వ అంతా వింటోంది. "ఏం పెట్టినారురా దాంట్లో?"

అబద్ధం ఆడటం మా ఇంటావంటా లేదు. "వాడి చెప్పు" అన్నాను.

"చెప్పు మీద కూచోని పోవాల్నా నేను?"

పోనంటే ఇక ఆ కన్ను లేనట్టే.

"ఇన్నాళ్లు దాన్ని నేను చేత్తో మోసినానవ్వా" అన్నాడతను. "ఒక్క పూట అది మిమ్మల్ని మోస్తాది లెండి."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకి భుజాలు కదిలాయి. "మెల్లంగా తోలరా. తెగితే వాడికి ఒంటి చెప్పే మిగిలేది" అంది.

అతుకు పోనూ రానూ నిలిచింది. కట్టు విప్పించుకొని తిరిగొచ్చిన రోజు, నెల్లూరులో కొన్న కొత్త జత గేటు దగ్గరే అతని చేతికిచ్చాను. అతను దాన్ని చంకలో పెట్టుకున్నాడు. కారు దిగుతూ అవ్వ నల్లద్దాల్లోంచి అటు చూసింది.

"చంకలో ఏందిరా అది?"

"చెప్పులవ్వా."

"కాళ్లకేసుకొని లోపలికి నడువు. ఈ కన్ను పని చేస్తా ఉందో లేదో చూడాల."

అతను నా వైపు చూశాడు. నేను గేటు తెరిచి పట్టుకున్నాను.