టీచరమ్మ సగంలో ఆగిన మాట

సన్మానమని పిలిచి, శాలువా కప్పి, ఆమె మాట్లాడుతుండగానే చేతిలోంచి మైకు లాక్కున్న వాళ్లం మనం. నాలుగేళ్లుగా ఇది నా గొంతులో అడ్డం పడి ఉంది. మన వాళ్లే కదా, ఎప్పటికో సర్దుకుంటారులే అని మింగుకుంటూ వచ్చాను. ఇక మింగను. మా పక్కింటి టీచరమ్మ పోయిన మంగళవారం కాలం చేసింది. పొద్దున కంచె దగ్గర నిలబడి గులాబీ కొమ్మలు కత్తిరించింది, మధ్యాహ్నానికి మనిషి లేదు. గుండె ఆగిందన్నారు.

ఈ కాలిఫోర్నియా శాన్ రామన్‌లో ఉన్న మన తెలుగు పెద్దవాళ్లలో చాలామందికి ఆమె తెలుసు. సిటిజన్‌షిప్ పరీక్షకు మనల్ని తయారు చేసింది ఆమే. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. పుట్టింది మాసాచుసెట్స్‌లో ఒక చిన్న ఊరు. వాళ్ల పూర్వీకులు ఇంగ్లండులో ఓడెక్కి వచ్చినవాళ్లు. నేను పల్నాటి రైతును. అయిదో తరగతితో బడికి దండం పెట్టి, కూతురి వెంట ఇక్కడికొచ్చి ముసలివాణ్ణయ్యాను. నాకు ఇంగ్లీషు ముక్కలు నేర్పింది టీచరమ్మే. మాట మాటా విడదీసి చెప్పేది. అర్థం కాలేదంటే విసుక్కోకుండా చేతులతో చేసి చూపించేది. నేను తప్పు మాట్లాడితే దిద్దేది కాదు. అదే మాట తను సరిగ్గా ఇంకోసారి పలికి ఊరుకునేది.

శనివారం పొద్దున మన తెలుగు సంఘం హాల్లోనే క్లాసు. కుర్చీలు గుండ్రంగా వేయించేది. మాట్లాడాలంటే లేచి నిలబడాలి. నిలబడినవాళ్లు కూర్చునేదాకా ఇంకొకరు నోరు తెరవకూడదు. మనకది ఎక్కడ చేతనవుతుంది? నలుగురం ఒకేసారి మాట్లాడితేనే మనకు మాట్లాడినట్టు ఉంటుంది. ఆమె ఎవరినీ కసిరేది కాదు. మేం గోల ఆపేదాకా కిటికీ వైపు చూస్తూ నిలబడేది. సిగ్గేసి మేమే ఆపేవాళ్లం.

ఆ పద్ధతి వాళ్ల ఊరిదట. ఏడాదికోసారి ఊరంతా ఒక హాల్లో కూర్చుని రోడ్డు బాగు చేయించడం దగ్గర్నుంచి మంచు తీసే బండి కొనడం దాకా చెయ్యెత్తి తేల్చుకుంటారట. వాళ్ల నాన్న ప్రతి ఏడూ లేచి పక్కింటివాడి కుక్క మీదే మాట్లాడేవాడట. కుక్క చచ్చిపోయాక కూడా రెండేళ్లు మాట్లాడాడట. అయినా ఎవరూ ఆపేవాళ్లు కాదు.

"అది మాకు ఇంగ్లండు నుంచి వచ్చిన అలవాటు. నా దృష్టిలో మా వాళ్లు ఓడలో తెచ్చిన మంచి సామాను అదొక్కటే," అంది.

ఇంకోరోజు జూరీ గురించి చెప్తోంది. పన్నెండుమంది మామూలు మనుషులు కూర్చుని నేరం తేలుస్తారని, అదీ ఇంగ్లండు పద్ధతేనని అంది. నల్లగొండ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ లేచింది. "గంతమంది ఎందుకు టీచరమ్మా? సదువుకున్న జడ్జి ఉన్నడు గద."

"జడ్జి నీ పక్కింట్లో ఉండడు కదా, నీ సంగతి తెలిసేది పక్కింటివాళ్లకే," అంది టీచరమ్మ.

నాకు ఒళ్లు మండింది. ఆ ఇంగ్లీషువాడు మా దేశానికీ కోర్టులు తెచ్చాడు. శిస్తు కట్టలేదని మా తాతను ఎండలో నిలబెట్టిందీ వాడి మనుషులే. లేచి నిలబడి, నాకొచ్చిన ముక్కల్లో అడిగేశాను. "మా ఇంటికొస్తే ఎండలో నిలబెట్టాడు. మీ ఇంటికొస్తే కుర్చీ వేశాడా?"

ఆమె కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత లేచింది.

"మా నాన్నకు వేశాడు. మా అమ్మమ్మకు వేయలేదు, ఆడదానికి ఓటేమిటన్నారు. ముందు నుంచీ ఈ నేల మీద ఉన్నవాళ్లకు వేయలేదు. ఓడల్లో కట్టేసి తెచ్చినవాళ్లకు అసలే వేయలేదు. ఆ కుర్చీ కోసం కొట్లాడిన వాళ్లంతా ఇంగ్లండు మాటలే పట్టుకుని కొట్లాడారు. రాజు మీద తిరగబడ్డ మా వాళ్లూ అంతే, ఇంగ్లీషువాళ్లకున్న హక్కులు మాకేవీ అని అడిగారు." ఇంత చెప్పి నా వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు అడిగిందీ అదే," అంది.

ఆ రోజు నుంచి మేం స్నేహితులం. కంచెకు అటు ఆమె, ఇటు నేను. గోంగూర పచ్చడి ఇస్తే కాల్చిన రొట్టె మీద రాసుకుని తినేది. నాకు టీ ఇచ్చేది, వేడినీళ్లలో ఆకు ముంచి తీసి. "మీ ఇంగ్లీషువాళ్లు టీ మా దగ్గర నుంచి తీసుకుపోయి మరిగించడం మరిచిపోయారు," అన్నాను ఒకసారి. "అందుకే రాజు మీద తిరగబడ్డప్పుడు మా వాళ్లు ఆ టీని సముద్రంలో పోశారు," అంది. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది.

ఇక నాలుగేళ్ల కిందటి సంగతి. ఉగాది కార్యక్రమంలో ఆమెకు సన్మానం పెట్టారు. పెట్టినందుకు సంతోషించాను. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆమె కాగితం లేకుండా మొదలుపెట్టింది. "ఈ దేశం అనే ఇంటికి పునాది, దూలాలు ఇంగ్లీషువాళ్లవి. ఆ సంగతి దాచి..." ఇక్కడికి వచ్చేసరికి ముందు వరసల్లో గొణుగుడు మొదలైంది. సన్నీవేల్‌లో పెద్ద ఉద్యోగం చేసే కుర్రాడొకడు పక్కవాళ్లకు వినపడేట్టే అన్నాడు, "అంటే మనం టెనెంట్లమా? ట్యాక్స్ కట్టేది మనమేగా." మన సెక్రటరీ గబగబా వచ్చి, "థాంక్యూ సో మచ్ మేడమ్, డిన్నర్ రెడీ," అని మైకు తీసుకున్నాడు. వెనక వరసలోంచి నేను లేచి ఆమెను చెప్పనివ్వండయ్యా అని అరిచాను. అప్పటికే జనం ప్లేట్ల దగ్గరకు పోతున్నారు. ఆమె శాలువా భుజాన వేసుకుని మెట్లు దిగింది. చెయ్యి ఇచ్చినవాడు లేడు.

మర్నాడు కంచె దగ్గర ఆమె ముఖం ఎట్లా చూడాలో తెలియలేదు. ఆమే పలకరించింది. "మీవాళ్లు కప్పిన శాలువా వెచ్చగా ఉంది," అంది. తిట్టినా బాగుండేది. మిగతా మాట ఏమిటో చెప్పమని అడిగాను. "నా వంతు ఇంకా అయిపోలేదు. అక్కడే చెప్తాను," అంది. పది నిమిషాలు ఇమ్మని కమిటీకి మెయిల్ పెట్టింది. చర్చిస్తామని జవాబు వచ్చింది. తర్వాతి ఏడు మళ్లీ అడిగింది, మళ్లీ చర్చిస్తామన్నారు. ఈలోగా శనివారం డ్యాన్స్ ప్రాక్టీసుకు హాలు కావాలని క్లాసును లైబ్రరీకి పంపేశారు. ఆమె అక్కడా మన వాళ్లకే చెప్పింది, చనిపోయే ముందు శనివారం దాకా.

ఆమె మాట నాకూ పూర్తిగా నచ్చలేదు. పునాది వేసినవాడి పేరు చెప్తే సరిపోదు, కింద నేల ఎవరిదో, రాళ్లు మోసిందెవరో కూడా చెప్పాలి. చెప్పేదేమో, ఆమె క్లాసులో చెప్పేది మరి. చెప్పకపోతే నేనే లేచి అడిగేవాణ్ణి. కానీ సగం విన్నదానితో ఏమని పోట్లాడతాం? పరీక్ష రాసి, చెయ్యెత్తి ప్రమాణం చేసి, ఈ దేశం మాదే అన్నవాళ్లం. ఒక ముసలామెను వాక్యం పూర్తి చేయనివ్వలేకపోయాం. ఆవిడ దగ్గర చదువుకున్నవాణ్ణని చెప్పుకోవడానికి గర్వంగా ఉంటుంది. మీలో ఒకణ్ణని చెప్పుకోవడానికి ఈ వారమంతా సిగ్గుగా ఉంది.

ఆమె కూతురు మాసాచుసెట్స్ నుంచి ఫోన్ చేసింది. అమ్మ క్లాసు మొదలుపెట్టిన చోటే, మన హాల్లో, సంతాపసభ పెట్టుకుంటానంది. వాళ్ల ఊరి పద్ధతిలో కుర్చీలు గుండ్రంగా వేసి, ఎవరైనా లేచి మాట్లాడవచ్చట, అమ్మను కాదన్నవాళ్లయినా సరే. కమిటీని అడిగితే మళ్లీ చర్చిస్తామన్నారట. నేను సెక్రటరీకి ఫోన్ చేశాను.

"బాబాయ్ గారూ, ఇది సెన్సిటివ్ ఇష్యూ. యూత్ ఫీలవుతారు," అన్నాడు.

"బతికున్నప్పుడు భయపడ్డారు, సరే. ఇప్పుడు కూడానా?" అన్నాను. మీటింగ్‌లో ఉన్నానని పెట్టేశాడు.

అందుకే మన సంఘం పత్రికలో అందరి ముందూ అడుగుతున్నాను. హాలు ఇస్తారా, ఇవ్వరా? ఈ నెల చివరి శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి. చర్చిస్తాం అనే మాట నాకొద్దు. మర్నాడు శనివారం పొద్దున ఆ అమ్మాయి విమానం దిగుతుంది. తీసుకురావడానికి మా కూతురూ నేనూ పోతున్నాం. కారెక్కగానే హాలు సంగతి అడుగుతుంది. నాకొచ్చిన ఇంగ్లీషులో దానికి రెండే జవాబులున్నాయి, ఎస్, నో. ఏది చెప్పమంటారు?